పేజ్‌మేకర్ తర్వాత ఏది? కడప డిజైనర్లకు సాఫ్ట్‌వేర్, శిక్షణ ఎంపికపై ఒక పోలిక

కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి వై.వి. స్ట్రీట్ వైపు ఉన్న డీటీపీ సెంటర్లలోనూ, ఫ్లెక్సీ దుకాణాలలోనూ, పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలలోనూ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, ఫోటోలు దిద్దే ఫోటోషాప్ 7.0, బొమ్మలు గీసే ఏదో ఒక పాత కోరల్‌డ్రా, వాటికి తోడుగా 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు ఒకే కంప్యూటర్‌లో ఇప్పటికీ పని చేస్తూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫోటోషాప్ 7.0 వచ్చినది 2002లో, పేజ్‌మేకర్ 7.0 అంతకు ఏడాది ముందే, 2001లో, ఆ వరుసలో ఆఖరిదిగా వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, ఇన్నాళ్లుగా వాయిదా వేసిన ప్రశ్న ఇప్పుడు కొత్త కంప్యూటర్ రూపంలో అందరి ముందుకూ వచ్చింది. కొత్త యంత్రం మీద పాత సాఫ్ట్‌వేర్‌నే ఎలాగోలా ఎక్కించుకోవాలా, చందా కట్టాలా, ఉచితంగా దొరికేవాటితో సరిపెట్టుకోవాలా అన్నదే ఆ ప్రశ్న.

ఈ వ్యాపారంలో ఉన్నవాడిగా నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మన ప్రాంతంలో అసలైన అప్‌గ్రేడ్ సాఫ్ట్‌వేర్‌ది కాదు, అక్షరానిది. అను ఫాంట్ల నుంచి, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్‌కు మారాలా వద్దా అన్నది తేల్చుకున్న తర్వాతనే ఏ సాఫ్ట్‌వేర్ అన్న చర్చకు అర్థం ఉంటుంది. మారదలచుకోనివారికి ఏ కొత్త వెర్షనూ పెద్దగా చేసిపెట్టేది లేదు. మారదలచుకున్నవారికి మాత్రం కొన్ని వెర్షన్లు మొదటి మాటకే పనికిరాకుండా పోతాయి.

అక్షర పరీక్ష

అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చి పెట్టారు. తెర మీద తెలుగు కనిపించినా, ఫైలులో నిల్వ ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే మ్యాటర్ అంతా పిచ్చిగీతలుగా మారేది అందుకే. ఆ పీడీఎఫ్‌లో పేరు వెతికితే దొరకనిదీ అందుకే. యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 స్థానాల సొంత చోటు ఉంది. అయితే అక్కడ నిల్వ అయ్యేది అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగానే. వాటిని కలిపి గుణింతాలుగా, వత్తులుగా తీర్చే పనిని సాఫ్ట్‌వేర్‌లోని అక్షర కూర్పు యంత్రాంగం, ఫాంటులోని పట్టికల సాయంతో చేయాలి. ఆ యంత్రాంగం లేని సాఫ్ట్‌వేర్‌లో 'స్త్రీ' అని టైపు చేస్తే సకారానికి పొల్లు, తకారానికి పొల్లు, రకారం, పక్కన అనాథగా ఒక గుడిదీర్ఘం కనిపిస్తాయి.

కనుక ఏ సాఫ్ట్‌వేర్‌నైనా కొనడానికి ముందు, ఉచితంగా ఇచ్చే ప్రయత్న గడువులోనే ఈ మాటలను టైపు చేసి చూడటం మేలు: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, మాహాత్మ్యం, శాస్త్రోక్తంగా, ప్రొద్దుటూరు. వీటికి తోడు 'సాఫ్ట్‌వేర్', 'ఫేస్‌బుక్' వంటి మాటలలో పొల్లు పొల్లుగానే నిలుస్తోందో, తర్వాతి హల్లుకు వత్తుగా జారిపోతోందో గమనించాలి. ఇదే మ్యాటర్‌ను పీడీఎఫ్ చేసి, అందులో ఒక మాటను వెతికి, కాపీ చేసి, వేరే చోట అతికించి చూడాలి. పది నిమిషాల ఈ పరీక్ష, గంటన్నర సమీక్ష వీడియో చెప్పని సంగతిని చెబుతుంది.

యూనికోడ్ పక్షాన ఉన్నానని దాని లోటును దాచడం న్యాయం కాదు. శుభలేఖలకు కావలసిన వంపుసొంపుల అలంకార ఫాంట్లు అను సంచిలో ఉన్నన్ని యూనికోడ్‌లో లేవు, పాత ఆపరేటర్లు కదలకపోవడానికి ఇదొక్కటే సగం కారణం. అయినా సిలికానాంధ్ర అనే సంస్థ చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, లక్కిరెడ్డి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కరపత్రపు శీర్షికకు రామభద్ర, లోపలి మ్యాటర్‌కు మండలి, చేతిరాత పోలికకు లక్కిరెడ్డి చక్కగా సరిపోతాయి. వేమన పేరిట విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో వేమన 2000 అనే ఫాంటు పేరు ఎరిగినవారు తక్కువగా కనిపించడం నాకు కొంత వింతగానే ఉంటుంది.

అడోబీ చందా

ఫోటోషాప్ తయారీ సంస్థ అడోబీ 2013 నుంచి కొత్త వెర్షన్లకు ఒకేసారి కొనుక్కునే పద్ధతిని ఆపి చందా పద్ధతికి మారింది. అంతకు ముందరి ఆఖరి మెట్టు 2012లో వచ్చిన సీఎస్6 (క్రియేటివ్ సూట్ 6). తెలుగువారికి ఆ సీఎస్6 రెండు విధాల ముఖ్యమైనది. అడోబీ పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో తెలుగు సహా పది భారతీయ భాషల కూర్పు అప్పుడే చేరింది. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరిచే సౌకర్యం ఉన్న చివరి ఇన్‌డిజైన్ కూడా అదే. ఆ తర్వాత చందాతో వచ్చిన సీసీ వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైలును తెరవవు. సీఎస్6 లైసెన్సు పాతగా కొని ఉన్నవారు దానిని తీసివేయకుండా ఒక పక్కన ఉంచుకోవడం మంచిది, పాత బీరువా తాళంచెవిలా అది అప్పుడప్పుడూ అక్కరకు వస్తుంది.

చందా తీసుకున్నవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ నుంచి వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్ కింద టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్లను చూపించమని గుర్తు పెట్టాలి. ఈ చిన్న అమరిక తెలియక, అక్షరాలు విరిగిపోయాయని ఫాంటును తిట్టి, మళ్లీ పేజ్‌మేకర్‌కు వెనుదిరిగినవారిని నేను ఒకరిద్దరిని కాదు చూసింది.

మన జిల్లాకు ప్రత్యేకమైన మరొక అవసరం ఉర్దూ. పెద్ద దర్గా ఉరుసు సమయంలో వేసే బ్యానర్లయినా, నికా పత్రికలయినా తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే కాగితం మీద కలవాలి. ఉర్దూను ఇన్‌పేజ్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో కూర్చి, బొమ్మగా మార్చి, తెలుగు డిజైన్‌లో అతికించడం ఇన్నేళ్ల అలవాటు. ఒక పేరు మారితే రెండు చోట్లా మళ్లీ పని చేయాలి. కుడి నుంచి ఎడమకు సాగే లిపిని, మన లిపిని ఒకే పేజీలో సరిగా నడపగలగడం ఇన్‌డిజైన్ వరల్డ్-రెడీ కంపోజర్ బలం. నెలకు నాలుగైదు ఇటువంటి పనులు వచ్చే దుకాణానికి చందా సొమ్ములో కొంత అక్కడే తిరిగి వస్తుంది.

ఖర్చు లెక్కను నెలవారీగా కాక 36 నెలలకు వేసుకోవాలి. చందా మీద పడే 18 శాతం జీఎస్టీని, కాంపోజిషన్ పథకంలో కాక సాధారణ పద్ధతిలో జీఎస్టీ నమోదు ఉన్న దుకాణదారు తాను చెల్లించవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. నమోదు లేనివారికి అది పూర్తిగా ఖర్చే. ఏడాది ఒప్పందానికి నెలనెలా కట్టే పద్ధతిని, ఎప్పుడైనా మానుకోగల నెల చందాతో పొరబడకూడదు. మొదటిదానిలో 14 రోజులు దాటాక మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టవలసి వస్తుంది. ఒక చందాతో రెండు కంప్యూటర్లలో సైన్-ఇన్ కావచ్చు గానీ, రెండింటి మీద ఇద్దరు ఒకేసారి పని చేయడానికి అది అనుమతి కాదు. ఇద్దరు ఆపరేటర్లున్న చోట రెండు చందాలు లెక్కలోకి వస్తాయి.

దొంగ కాపీల మాట ఎత్తకుండా ఈ పోలిక నిజాయితీగా సాగదు. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి విభాగం ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల నుంచి 2,00,000 వరకు జరిమానా పడవచ్చు. అంతకంటె రోజూ ఎదురయ్యే ముప్పు వేరు: తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే వైరస్, పదేళ్ల పెళ్లి ఆల్బమ్‌ల డిస్కును ఒక్క రాత్రిలో తినేయగలదు.

కోరల్‌డ్రా

ఫ్లెక్సీ, స్టిక్కర్ కటింగ్, స్క్రీన్ ప్రింటింగ్, పెళ్లి కార్డులు ప్రధానమైన చోట కోరల్‌డ్రాకు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. దానికి కారణం అందులోని పనిముట్ల గొప్పతనం కంటె, ఎదుటి దుకాణం కూడా కోరల్‌లోనే పని చేయడం. ఆరడుగుల ఫ్లెక్సీని ప్రొద్దుటూరులో వేయించవలసివచ్చినప్పుడు, అక్కడి ఆపరేటర్ అడిగే మొదటి మాట 'ఏ వెర్షన్‌లో సేవ్ చేశారు' అన్నదే. కొత్త కోరల్‌లో చేసిన ఫైలును సేవ్ యాజ్‌లో పాత వెర్షన్‌కు దించి ఇవ్వవచ్చు. ఆ దారిలో కొత్త ఎఫెక్టులు కొన్ని చెదరవచ్చు గనుక, పంపేముందు దించిన ఫైలును మళ్లీ తెరిచి చూడాలి.

యూనికోడ్ తెలుగు విషయంలో గీత స్పష్టంగా ఉంది. సంక్లిష్ట లిపుల కూర్పు 2012 నాటి ఎక్స్6తో వచ్చింది, అంతకు ముందరి 11, 12, ఎక్స్3 వంటివి అను ఫాంట్లకే పరిమితం. ఎక్స్6 గానీ ఆ తర్వాతిది గానీ న్యాయంగా కొని ఉన్నవారు, యూనికోడ్ కోసమే అయితే, వెంటనే తాజా వెర్షన్‌కు పరుగెత్తవలసిన పని లేదు. చందాతో పాటు ఒకేసారి కొనుక్కునే పద్ధతిని కూడా కోరల్ కొనసాగిస్తూ వచ్చింది; ఏటేటా వచ్చే కొత్త సౌకర్యాలు మన ఫ్లెక్సీకి ఎంతవరకు అవసరమో ఆలోచించుకునేవారికి ఒకేసారి కొనడమే లాభసాటి.

ప్రెస్సుకు పంపేటప్పుడు మ్యాటర్‌ను కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి పంపడం మనందరి అలవాటు. ఫాంటు లేదన్న గొడవ అక్కడితో తీరుతుంది గానీ, కర్వ్స్ చేసిన ఫైలులో ముహూర్తం సమయం మార్చాలంటే అక్షరం అక్షరం గీసుకోవాలి. మ్యాటర్ ఉన్న ఫైలు ఒకటి, కర్వ్స్ చేసినది మరొకటి వేర్వేరు పేర్లతో ఉంచుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కయినా వర్తించే క్రమశిక్షణ.

ఉచితంగా దొరికేవి

అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పేరు ఇటీవల ఎక్కువగా వినిపిస్తోంది. కాన్వా సంస్థ 2024లో దానిని కొని, 2025 అక్టోబరులో మూడు అప్లికేషన్లనూ ఒకటిగా కలిపి ఉచితం చేసింది. ఇంగ్లీషు లోగోలు, ఫోటో పనులు, ప్యాకింగ్ డిజైన్లు చేసేవారికి ఇది నిజంగా మంచి వార్తే, అచ్చుకు కావలసిన నాలుగు ఇంకుల రంగు పద్ధతి, సీఎంవైకే కూడా అందులో చక్కగా ఉంటుంది. అయితే వెర్షన్ 2 వరకు అందులో భారతీయ లిపుల కూర్పు లేదు. కొత్తదానిని దించుకున్నవారు పైన చెప్పిన 'స్త్రీ' పరీక్షతోనే మొదలుపెట్టి, ఫలితాన్ని బట్టి తెలుగు పనికి వాడాలో వద్దో నిర్ణయించుకోవాలి.

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు కూర్చే స్క్రైబస్, ఫోటోలు దిద్దే గింప్ మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఇంక్‌స్కేప్‌లో తెలుగు యూనికోడ్ ఏ అమరికా అవసరం లేకుండానే సరిగా కూడుతుంది. స్క్రైబస్‌లో ఆ సౌకర్యం 2024 జనవరిలో వచ్చిన 1.6తో స్థిరమైన వెర్షన్‌లోకి చేరింది, పాత 1.4ను ప్రయత్నించి పనికిరాదని పక్కన పెట్టినవారు మళ్లీ చూడవచ్చు. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్ వేసిన తర్వాత కూడా దానిని సవరించుకునే వీలు కలిగింది. అయినా పెద్ద పెద్ద ఆల్బమ్ షీట్లను రోజూ డజన్ల కొద్దీ చేసే స్టూడియోకు ఫోటోషాప్ వేగం, దానికి దొరికే రెడీమేడ్ పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైళ్ల సౌలభ్యం ఇక్కడ ఉండవు.

ఇంక్‌స్కేప్ విషయంలో ఒక హెచ్చరిక కొంచెం వివరంగా చెప్పాలి. అది తెర రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలో ఆలోచించే సాఫ్ట్‌వేర్. అందులోని నలుపు ప్రెస్సుకు చేరి సీఎంవైకేగా మారినప్పుడు, ఒక్క నల్ల ఇంకుగా కాక నాలుగు ఇంకుల మిశ్రమంగా విడిపోతుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా, ఎనిమిది పాయింట్ల మ్యాటర్‌లోని వత్తులు, తలకట్లు రంగు నీడలతో అలుక్కుపోతాయి. ఇంగ్లీషు అక్షరం ఆ మాత్రం తట్టుకుంటుంది, మన క్రావడి తట్టుకోదు. తొలిరోజుల్లో నేను ఇలాగే ఒక గృహప్రవేశ పత్రికను పంపి, అచ్చయిన కట్టను చూసి, నా ఖర్చుతో మళ్లీ వేయించవలసి వచ్చింది. దీనికి మార్గం ఉంది: బొమ్మను ఇంక్‌స్కేప్‌లో గీసి, స్క్రైబస్‌లోకి తెచ్చి, మ్యాటర్‌ను అక్కడే వంద శాతం నలుపుతో కూర్చి, చుట్టూ కోతకు అదనంగా వదిలే మూడు మిల్లీమీటర్ల బ్లీడ్‌తో పీడీఎఫ్ ఇవ్వాలి. ఫ్లెక్సీకి ఈ బాధ అంతగా లేదు, అక్కడ అక్షరం అడుగుల్లో ఉంటుంది.

కాన్వా వాట్సాప్ ఆహ్వానాలకు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టర్లకు బాగుంటుంది. ఆఫ్‌సెట్ అచ్చుకు సీఎంవైకే పీడీఎఫ్ కావాలంటే డబ్బు కట్టే పథకం అవసరమవుతుంది.

పాత ఫైళ్లు

ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో క్రీ.శ. 575 నాటిదని చెప్పే తెలుగు శాసనం ఉంది. ఆ రాతి మీది అక్షరాన్ని చూడటానికి ఏ వెర్షనూ అక్కర్లేదు. 2005లో మనమే చేసిన పేజ్‌మేకర్ ఫైలును చూడటానికి మాత్రం అదే సాఫ్ట్‌వేర్, అదే ఫాంటు, వీలయితే అదే కంప్యూటర్ కావాలి. పాత ఫైళ్లన్నిటినీ ఒకేసారి యూనికోడ్‌లోకి మార్చే పని ఎవరూ నెత్తిన పెట్టుకోకూడదని నా సలహా. పాత యంత్రాన్ని ఇంటర్నెట్ తీసివేసి ఒక మూల ఉంచి, ఏటేటా మళ్లీ వచ్చే పనులను మాత్రమే, అంటే బడుల ప్రాస్పెక్టస్‌లు, గుడి కార్యక్రమ పత్రికలు, రసీదు పుస్తకాలు వంటివాటిని, అవి వచ్చిన రోజున మార్చుకోవాలి. అను మ్యాటర్‌ను యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లు పనికి వస్తాయి గానీ, మార్చిన ప్రతి పేజీకీ కొత్త మ్యాటర్‌కు చూసినట్లే ప్రూఫు చూడాలి. అంకెలు, కామాలు, అరుదైన వత్తులు తారుమారయ్యేది అక్కడే.

ఎక్కడ నేర్చుకోవాలి

శిక్షణ ఎంపికలో మొదట అడగవలసిన ప్రశ్న 'ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్పుతారు' అని కాదు. 'తెలుగు ఏ కీబోర్డులో నేర్పుతారు' అని. మూడు నెలల డీటీపీ కోర్సులో అను ఆపిల్ లేఅవుట్ మాత్రమే నేర్చుకున్న విద్యార్థి మన దుకాణాలలో వెంటనే పనికి కుదురుకుంటాడు గానీ, యూనికోడ్‌కు మారే రోజున వేళ్లకు మళ్లీ మొదటి నుంచి పాఠం చెప్పుకోవాలి. విండోస్‌లో ఉండే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రభుత్వ ప్రమాణం, ఉద్యోగ పరీక్షల వైపు చూసేవారికి కూడా పనికి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవారికి 2019 నుంచి విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు ఉంది.

పదో తరగతి చదివి, పత్రం కూడా కావాలనుకునేవారికి ఐటీఐలలో ఏడాది కాలపు డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ ఉంది. ఇంటర్ తర్వాత డిజైన్‌నే వృత్తిగా ఎంచుకోదలచినవారికి కడపలోనే 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ నేర్చుకునేది సాఫ్ట్‌వేర్ మెనూలను కాదు, గీతను, రంగును, కూర్పును. ఈ రెంటికీ పోటీ లేదు, వయసు, తీరిక వేరు.

ఇప్పటికే దుకాణం నడుపుతున్నవారికి మాత్రం తరగతి గది కుదరదు. ఐఐటీ బాంబే రూపొందించిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఉచితం, చిన్నవి, ఒక్కొక్కటి దాదాపు పది నిమిషాలు. ఇంక్‌స్కేప్, గింప్ పాఠాలు అందులో ఉన్నాయి, ఆ ప్రాజెక్టులో కొన్ని పాఠాలకు తెలుగు ధ్వని కూడా దొరుకుతుంది. యూట్యూబ్ తెలుగు వీడియోల బలం భాష. బలహీనత వరుస లేకపోవడం. 'ఈ ఎఫెక్ట్ ఎలా' అన్నదానికి అక్కడ జవాబు దొరుకుతుంది, 'ప్రెస్సుకు ఫైలు ఎలా' అన్నదానికి అరుదుగా దొరుకుతుంది. ఆ రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఉత్తమ గురువు ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేట్లు చూసే మనిషి. డబ్బు పెట్టి కొనే ఆన్‌లైన్ కోర్సు కంటె, వారం రోజులు సాయంత్రం పూట ప్రెస్సులో నిలబడి, మన ఫైళ్లలో ఏవి వెనక్కి వస్తున్నాయో, ఎందుకు వస్తున్నాయో రాసుకోవడం ఎక్కువ నేర్పుతుంది. డబ్బు పెట్టదలచుకుంటే ఒక పనికి మాత్రమే పెట్టాలి: ఇన్‌డిజైన్‌లో స్టైల్స్, పేరెంట్ పేజీలు (పాత పేరు మాస్టర్ పేజీలు) నేర్పే కోర్సు పుస్తకాల పని చేసేవారికి పెట్టుబడి, అదే కోర్సు ఫ్లెక్సీ దుకాణానికి కాలక్షేపం.

ఎవరికి ఏది

పుస్తకాలు, సావనీర్లు, తెలుగు-ఉర్దూ పత్రికలు ఎక్కువగా చేసేవారు ఇన్‌డిజైన్ ఒక్కదానికే చందా కట్టి, మిగిలిన బొమ్మల పనికి ఉచిత సాఫ్ట్‌వేర్లను వాడుకోవచ్చు. అడోబీ అన్ని అప్లికేషన్ల పథకం రోజూ మూడింటిని తెరిచేవారికే తగినది. ఫ్లెక్సీ, స్టిక్కర్, కార్డుల దుకాణం కోరల్‌లోనే ఉండి, వెర్షన్ మాత్రం ఎక్స్6 గీతకు ఇవతలికి తెచ్చుకోవాలి. పెళ్లి ఆల్బమ్‌ల స్టూడియోకు ఫోటోషాప్ చందా, దానితో పాటు కనీసం 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం కావాలి. 8 జీబీతో తెరుచుకుంటుంది గానీ, ముప్పై లేయర్ల షీటు దగ్గర చతికిలబడుతుంది. ఇంకా నెలవారీ ఆదాయం కుదురుకోని కొత్తవారు ఇంక్‌స్కేప్, స్క్రైబస్, గింప్‌లతో ఆరు నెలలు గడిపి, ఆ తర్వాత తమకు వస్తున్న పనిని చూసి డబ్బు పెట్టవచ్చు.

మారే సమయం కూడా ఎంపికలో భాగమే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్లిళ్ల రద్దీలోనూ, ఒంటిమిట్ట కల్యాణం ముందు ఫ్లెక్సీల తాకిడిలోనూ, ప్రొద్దుటూరు దసరా రోజుల్లోనూ కొత్త సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకూడదు. శుభలేఖల పని ఆగిపోయే ఆషాఢ మాసం దీనికి సరైనది. మొదటి వారం కీబోర్డుకు, రెండో వారం అదే పాత పత్రికను కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కూర్చడానికి, మూడో వారం దానిని ప్రెస్సులో ఒక్క ప్లేటు వేయించి చూడటానికి కేటాయిస్తే, శ్రావణంలో తొలి శుభలేఖ వచ్చేనాటికి పాత యంత్రాన్ని మూలకు జరపవచ్చు.